కొసతునక

పాఠ్యభాగ ఉద్దేశం

చేతిపనిలో ఇమిడియున్న శాస్త్రాన్ని, సహనాన్ని, సౌందర్యదృష్టిని విద్యార్థులకు తెలియజేయడం, ఏ పనినైనా చివరంటా శ్రద్ధతో పూర్తిచేయాలనే సంస్కారాన్ని పెంపొందించడం, వడ్రంగానికి సంబంధించిన తెలుగు పదజాలాన్ని పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగ పరిచయం

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. ఒక విషయాన్ని ఎన్నుకొని, దాని స్వరూప స్వభావాలను క్రమపద్ధతిలో వివరించే రచన వ్యాసం. తలుపుల చుట్టూ, గోడల అడుగున అమర్చే అంచుపట్టీలను కోసి కూర్చడం, వాటి చివర మిగిలే ఖాళీని చిన్న తునకతో మూయడం ఇందులోని విషయం. విషయం సుబోధకం కావడానికి గజ్వేల్ సమీపంలోని పునరావాస కాలనీలో ఒక కుటుంబాన్ని ఊహించి, ఆ ఇంటి కథను ఉదాహరణగా గ్రహించడం జరిగింది.

పాఠ్యభాగం

ఊరు విడిచిన తలుపు

హైదరాబాదు నుండి కరీంనగర్ వైపు సాగే రాజీవ్ రహదారి మీద ప్రజ్ఞాపూర్ వస్తుంది. దానిని ఆనుకొని ఉన్న పట్టణం గజ్వేల్. పూర్వం మెదక్ జిల్లాలో భాగమైన ఈ పట్టణం 2016 అక్టోబరు 11న ఏర్పడిన సిద్దిపేట జిల్లాలో చేరింది. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో భాగంగా 50 టి.ఎం.సీ.ల సామర్థ్యంతో నిర్మించిన మల్లన్నసాగర్ జలాశయం 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమయింది. ఆ జలాశయం కింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ మొదలైన గ్రామాలు మునిగిపోయాయి. ఆ గ్రామాల ప్రజలకు గజ్వేల్ శివారులోని ముట్రాజ్‌పల్లి వద్ద పునరావాస కాలనీ ఏర్పడింది.

ఊరు విడిచేవారు వెంట తీసుకొని పోగలిగేది ఎంత? చెరువును తేలేరు, చింతచెట్టును తేలేరు. ఇంటి గోడలను మోసుకొని రాలేరు. విప్పి బండికెత్తుకొని రాగలిగినవి వాసాలు, దూలాలు, తలుపులు. వాటిలో తలుపుకు ఒక ప్రత్యేకత ఉన్నది. తెలుగువారి ఇంటికి ద్వారబంధం ప్రాణస్థానం. తెలంగాణలో దానిని దర్వాజ అంటారు. దర్వాజ నిలబెట్టే రోజు మంచి ముహూర్తం చూస్తారు. కడపకు పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి, మామిడాకుల తోరణం కడతారు. పనిచేసిన వడ్రంగికి కొత్తబట్టలు పెట్టి గౌరవిస్తారు. ఆ ఇంటి పెళ్ళిళ్ళు, పురుళ్ళు, పండుగలు అన్నీ ఆ కడప ఎరిగినవే.

అటువంటి ఒక తలుపును వెంట తెచ్చుకొన్న ఇంటిని ఊహించుకోవచ్చు. ఇంటిపెద్ద డెబ్బైయేళ్ళు దాటిన వృద్ధుడు. మనుమడు ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం విద్యార్థి. పాత ఇంటి టేకు ద్వారబంధాన్ని వడ్రంగి కొత్త గోడలో నిలబెట్టి వెళ్ళాడు. కానీ ద్వారబంధానికి, గోడకు నడుమ చుట్టూ సన్నని సందు మిగిలింది. పాత ఇంట్లో ఆ సందును కప్పుతూ అంచుపట్టీలు ఉండేవి. విప్పేటప్పుడు అవి పగిలిపోయాయి. తలుపు పైభాగాన అడ్డంగా ఉండే చెక్కడపు పట్టీ ఒక్కటే దక్కింది. దాని పొడవు 1200 మిల్లీమీటర్లు. దానిమీది పద్మరేకుల వరుసను ఎన్నడో ఊరి వడ్రంగి ఉలితో చెక్కాడు. అటువంటి పట్టీ ఇప్పుడు ఏ దుకాణంలోనూ దొరకదు.

"పక్క పట్టీలు కొత్తవి కొందాం బిడ్డా. పైపట్టీ మాత్రం ఇదే ఉండాలె" అన్నాడు తాత.

"నేనే కోసి పెడత తాతా" అన్నాడు మనుమడు.

ఆ మాట అనడం సులభం. నిలబెట్టుకోవడానికి అతడు నేర్చుకోవలసి వచ్చిన సంగతులే ఈ పాఠం.

శిల్పం నుండి చెక్కకు

ద్వారం చుట్టూ పట్టీలు తీర్చే ఆచారం మన నేలలో నేడు పుట్టినది కాదు. దేవాలయాల గర్భగుడి వాకిలి చుట్టూ ఒకదాని పక్కన ఒకటిగా నిలువు పట్టీలు కనిపిస్తాయి. వాటిని శిల్పశాస్త్రం ద్వారశాఖలు అంటుంది. శాఖల సంఖ్యను బట్టి త్రిశాఖ, పంచశాఖ, సప్తశాఖ అనే పేర్లు ఏర్పడ్డాయి. కాకతీయుల కాలపు వేయిస్తంభాల గుడిలోను (1163), 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన రామప్ప గుడిలోను (1213) ద్వారాల చెక్కడాన్ని పరిశీలించినవారికి ఒక సంగతి బోధపడుతుంది. శిల్పి పట్టీని ఎక్కడ మొదలుపెట్టాలో ఎంత ఆలోచించాడో, ఎక్కడ ముగించాలో కూడా అంతే ఆలోచించాడు. పైనుండి దిగివచ్చే శాఖలు నేలను తాకేచోట ఊరకే తెగిపోవు. అక్కడ ద్వారపాలకులో, ఇతర ప్రతిమలో నిలిచి ఆ వరుసకు ముగింపు పలుకుతాయి.

రాతిలో శిల్పి చేసిన పనినే చెక్కలో వడ్రంగి చేస్తాడు. తలుపు చుట్టూ అమర్చే పట్టీని, గోడ అడుగున నేలను ఆనుకొని సాగే పట్టీని, పైకప్పు కింద చుట్టివచ్చే పట్టీని కలిపి అంచుపట్టీలు అనవచ్చు. వాడుకలో వీటిని బీడింగు, స్కర్టింగు మొదలైన పేర్లతో పిలుస్తారు. ఇవి ఇంటి బరువు మోయవు. రెండు వేర్వేరు పదార్థాలు కలిసేచోట ఏర్పడే సందును మూయడం వీటి మొదటి ప్రయోజనం. దుమ్ము, పురుగు, తేమ లోనికి చేరకుండా కాపాడడం రెండవది. కంటికి ఇంపు కలిగించడం మూడవది.

కొలత

వడ్రంగి పనిముట్లు ఎక్కువేమీ కావు. సన్నని పళ్ళ రంపం, ఉలి, సుత్తి, చిత్రిక, మూలమట్టం, కొలత టేపు ఉంటే ఈ పనికి చాలును. తెలంగాణలో చిత్రికను రందా అని, మూలమట్టాన్ని గునియా అని కూడా అంటారు. వీటికి తోడు కోతపెట్టె ఒకటి అవసరం. మూడు పలకలతో తొట్టివలె చేసి, పక్కపలకలలో 45 డిగ్రీల గాట్లు పెట్టిన సాధనమిది. పట్టీని అందులో ఉంచి, గాటులో రంపాన్ని నడిపితే కోత వాలు తప్పదు.

దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చినా, పనివారి నోట అడుగు, అంగుళం ఇంకా నిలిచి ఉన్నాయి. అంగుళంలో ఎనిమిదవ భాగాన్ని నూలు అంటారు. అంగుళం 25.4 మిల్లీమీటర్లు కాబట్టి నూలు సుమారు 3.2 మిల్లీమీటర్లు. "నూలంత తేడా" అనే మాట ఈ వృత్తి నుండి వచ్చిన లెక్క.

ఆ ఇంటి ద్వారం వెడల్పు 900 మిల్లీమీటర్లు. పట్టీని ద్వారబంధం అంచుకు సరిగ్గా ఆనించరు. కొద్దిగా వెనుకకు జరిపి అమరుస్తారు. అట్లా చేస్తే రెండు అంచుల నడుమ సన్నని నీడగీత ఏర్పడి, చిన్నచిన్న వంకరలు కంటబడవు. ఒక్కొక్క వైపు 5 మిల్లీమీటర్ల చొప్పున జరిపితే అడ్డపట్టీ లోపలి అంచు పొడవు 910 అవుతుంది. పట్టీ వెడల్పు 60. కోత 45 డిగ్రీలు కాబట్టి ప్రతి కొసన వెలుపలి అంచు లోపలి అంచుకంటె పట్టీ వెడల్పంత ఎక్కువ ఉంటుంది. అనగా వెలుపలి అంచు పొడవు 910 + 60 + 60 = 1030 మిల్లీమీటర్లు. గణితంలో సమద్విబాహు లంబకోణ త్రిభుజం చదివినవారికి ఇందులో కొత్త ఏమున్నది? పుస్తకంలో చదివిన త్రిభుజం చెక్కమీద ప్రత్యక్షమయింది, అంతే.

కొలతకు సంబంధించి మరువకూడని నియమం మరొకటి ఉన్నది. రంపపు పళ్ళకు మందం ఉంటుంది. గీత మీదనే కోస్తే ఆ మందమంత చెక్క పొట్టుగా రాలిపోయి, పట్టీ పొట్టిదవుతుంది. కాబట్టి పనికిరాని ముక్కవైపున, గీతను ఆనుకొని కోయాలి. పొడవు మిగిలిన కట్టెను చిత్రికతో తగ్గించవచ్చు. పొట్టిదైన కట్టెను పెంచే విద్య ఎవరికీ లేదు.

కోణం

రెండు పట్టీలు మూలలో కలిసేటప్పుడు వాటి కొసలను చెరి సగం వాలుగా కోస్తారు. ఈ కోణపు కోత అతి ప్రాచీనమైనది. ఈజిప్టు ప్రాచీన వడ్రంగులకు కూడా ఇది తెలుసు. మూల 90 డిగ్రీలైతే ఒక్కొక్క కొస 45 డిగ్రీలు. అయితే గోడలు పాఠ్యపుస్తకాలు చదివి నిలబడవు. ప్లాస్టరింగు హెచ్చుతగ్గుల వల్ల మూల 92 డిగ్రీలు కావచ్చు, 89 కావచ్చు. అప్పుడు 45 డిగ్రీల కోత పనికిరాదు. ఆ మూల ఎంతో అందులో సగం, అనగా కోణార్ధం, కావాలి. 92 అయితే 46.

కోణమాపకం లేకున్నా కోణార్ధాన్ని కనుగొనే సులభమైన ఉపాయం ఉన్నది. మందపాటి కాగితాన్ని మూలలో పరచి, రెండు గోడల వెంబడి గీతలు గీయాలి. గీతల వెంట కత్తిరించి, ఒక అంచు మరొక అంచుమీద సరిగ్గా పడేటట్లు మడవాలి. మడత గీతయే కోణార్ధం. ఆ కాగితాన్ని పట్టీమీద ఉంచి గుర్తు పెట్టుకోవచ్చు.

చిన్న దోషం ఎంత పెద్దదిగా కనబడుతుందో లెక్కవేసి చూడవచ్చు. రెండు పట్టీలను కోసేటప్పుడు రంపం ఒక్కొక్కసారి ఒక్క డిగ్రీ చొప్పున తప్పినదనుకొంటే, రెండు కోతలు కలిసి రెండు డిగ్రీల దోషం. 60 మిల్లీమీటర్ల వెడల్పు గల పట్టీలో వాలుకోత పొడవు సుమారు 85 మిల్లీమీటర్లు. ఒక కొసన పట్టీలు తాకితే రెండవ కొసన దాదాపు 3 మిల్లీమీటర్ల సందు తెరచుకొంటుంది. అనగా నూలంత. దూరంనుండి కూడా కంటికి ఆనేంత.

గోడ అడుగు పట్టీ గది లోపలి మూలకు చేరినప్పుడు నిపుణులు మరొక పద్ధతిని అవలంబిస్తారు. మొదటి పట్టీని సూటిగా కోసి మూలకు ఆనిస్తారు. రెండవ పట్టీ కొసను మొదటి పట్టీ ఉబ్బెత్తు వంపులకు అనుగుణంగా సన్నరంపంతో తొలిచి, దాని మీదికి తొడుగువలె కూర్చుతారు. మూల కొంచెం అటూ ఇటూ అయినా, చెక్క కొంచెం కుంచించుకొన్నా ఈ అతుకు విడినట్లు కనబడదు. పట్టీ పొడవు చాలక మధ్యలో అతకవలసి వస్తే కూడా సూటికోతలు ఎదురెదురుగా పెట్టరు. రెండు కొసలను వాలుగా కోసి ఒకదానిపై ఒకటి వాలేటట్లు కూర్చుతారు.

కొస సమస్య

మూలలన్నీ కుదిరిన తరువాత మిగిలేది అసలు చిక్కు. తలుపు పైన ముందుకు పొడుచుకొని వచ్చే పైపట్టీ రెండు కొసలూ ఏ గోడనూ తాకవు, ఏ పట్టీతోనూ కలియవు. గోడ నడుమ ఆగిపోతాయి. సూటిగా కోసి వదిలివేస్తే పక్కనుండి చూచినవారికి కట్టె కొసముఖం కనబడుతుంది. ముందున్న పద్మరేకుల వరుస ఉన్నట్లుండి తెగిపోయినట్లు తోస్తుంది. వాక్యం మధ్యలో ఆగినట్లు ఉంటుంది.

ఇది అందానికి సంబంధించిన లోపం మాత్రమే కాదు. చెట్టులో వేరునుండి ఆకువరకు నీటిని మోసేవి దారునాళాలు. చెట్టు కట్టెగా మారిన తరువాత కూడా ఆ నాళాల మార్గాలు ఉంటాయి. అడ్డంగా కోసినప్పుడు వాటి నోళ్ళు తెరచుకొంటాయి. అందువల్ల కట్టె పక్కముఖాలకంటె కొసముఖం తేమను అతివేగంగా పీల్చుకొంటుంది. రంగు, వార్నిషు కూడా అక్కడ లోనికి ఇంకిపోయి నల్లబడి కనిపిస్తాయి. తేమ చేరిన కొస ఉబ్బుతుంది, ఎండినప్పుడు పగులుతుంది. తేమ నిలిచేచోట చెదలకు దారి సుగమమవుతుంది. టేకు చేవకు చెదలను తట్టుకొనే గుణం ఉన్నది కానీ చేవ చుట్టూ ఉండే లేత చెక్కకు ఆ గుణం లేదు.

దీనికి వడ్రంగులు కనిపెట్టిన పరిష్కారమే కొసతునక. పట్టీ కొసను సూటిగా గాక, ముందువైపు పొడవుగా, గోడవైపు పొట్టిగా ఉండేటట్లు 45 డిగ్రీల వాలుతో కోస్తారు. అదే పట్టీ మిగులు నుండి దానికి ఎదురువాలు గల చిన్న తునకను తీస్తారు. ఆ తునకను అతికించగానే ముందున్న చెక్కడం మూల తిరిగి గోడవరకు వెళ్ళి ఆగుతుంది. కొసముఖం ఎక్కడా కనబడదు. పట్టీ తెగినట్లుండదు, వచ్చిన చోటికే తిరిగి చేరినట్లుంటుంది.

నాలుగు అవకాశాలు

ఆ ఇంటి లెక్క ఇట్లా ఉన్నది. అడ్డపట్టీ 1030 మిల్లీమీటర్లు. పైపట్టీ రెండువైపులా 20 చొప్పున ముందుకు రావాలి. కాబట్టి 1070 కావాలి. పాత పట్టీ 1200. పగిలిన కొసలను 15 చొప్పున తీసివేస్తే 1170. అందులో 1070 పోగా మిగిలేది 100. పట్టీ మందం 20 మిల్లీమీటర్లు కాబట్టి ఒక్కొక్క కొసతునకకు 20, రంపపు కోతకు మరో 2. వెరసి 22. వంద మిల్లీమీటర్లలో నాలుగు తునకలు వస్తాయి, ఐదవది రాదు. కావలసినవి రెండు.

మనుమడు పైపట్టీ రెండు కొసలను జాగ్రత్తగానే కోశాడు. కొసతునక దగ్గర తొందరపడ్డాడు. మొదటి తునకను కోసి ఆనించి చూస్తే వాలు తిరగబడింది. కుడికొసకు ఎడమకొస తునక కోసినా పని జరిగేది, కానీ అతడు ముందువైపు పొట్టిగా, వెనుకవైపు పొడవుగా కోశాడు. అది ఏ కొసకూ పనికిరాదు. ఈ పొరపాటు కొత్తగా నేర్చుకొనేవారందరికీ జరిగేదే. కోతకు ముందు చెక్క ముఖంమీద "ముందు", "గోడ" అని పెన్సిలుతో రాసుకొని, వాలు గీతను కూడా గీసుకొంటే ఇది జరగదు.

రెండవ తునక సరిగ్గా వచ్చింది. ఆనించి చూస్తే చక్కగా కుదిరింది. సంతోషంతో అతడు చిన్న మేకు పెట్టి సుత్తితో కొట్టాడు. తునక నిలువునా రెండుగా చీలింది. పద్మరేకు సగానికి విరిగి నేలమీద పడింది.

ఇక మిగిలినది 56 మిల్లీమీటర్లు. రెండు తునకలకు సరిపోయే చెక్క మాత్రమే. పట్టుకోవడానికి కూడా చాలనంత చిన్నముక్క. మనుమడు రంపాన్ని పక్కన పెట్టాడు.

"మిగిలింది పాడైతే ఎట్ల తాతా?" అని అడిగాడు.

తాత విరిగిన రేకును చేతిలోకి తీసుకొని కొంతసేపు చూశాడు. "ఇది చెక్కినాయన కూడ కొన్ని పాడుచేసే ఉంటడు బిడ్డా. మనకు కనబడేది మిగిలిందే. ఇయ్యాల కొయ్యకు. రేపు పొద్దున కొయ్యి" అన్నాడు.

ఆ సాయంత్రం అతడు కొత్త పట్టీల ముక్కలమీద అదే కోతను పదిసార్లు సాధన చేశాడు. మరునాడు చేసిన పని క్రమం ఇది.

మొట్టమొదట చిన్నముక్కను ఒక పొడవైన పాత చెక్కకు రెండువైపులా అంటే టేపుతో అతికించాడు. దానివల్ల వేళ్ళు రంపానికి దూరంగా ఉన్నాయి. తరువాత ముందువైపు పొడవుగా ఉండేటట్లు వాలుకోత కోశాడు. ఆ పిమ్మట వాలు ముగిసిన చోట గుర్తుపెట్టి, సూటికోతతో తునకను వేరు చేశాడు. సూటికోత చివర రంపాన్ని మెల్లగా, బరువు మోపకుండా నడిపాడు. లేకున్న తునక చివరి నార చిరిగిపోతుంది. తునకను గరుకు కాగితంమీద ఒకటి రెండుసార్లు మాత్రమే రుద్దాడు. ఎక్కువ రుద్దితే వాలు గుండ్రబడి అతుకు విడుతుంది. రెండు ముఖాలకూ తెల్లజిగురు పలుచగా పూసి, కొసముఖం జిగురును పీల్చుకొన్న తరువాత మరొకసారి పూసి అతికించాడు. మేకు ఊసెత్తలేదు. కాగితపు టేపును మూలచుట్టూ బిగించి, జిగురు ఆరేవరకు కదపలేదు.

రెండవ కొసకు కూడా అట్లే చేశాడు. మధ్యాహ్నానికి టేపు తీసి చూస్తే పద్మరేకులు రెండువైపులా మూల తిరిగి గోడను చేరాయి. అతుకు ఎక్కడో వేలితో తడిమితే తప్ప తెలియలేదు.

కట్టె స్వభావం

పని ముగిసిన తరువాత కూడా కట్టె ఊరకుండదు. అది గాలిలోని తేమను బట్టి ఉబ్బుతుంది, కుంచించుకొంటుంది. పొడవునా దాదాపు మారదు. వెడల్పులోనే మారుతుంది. అందుచేత వానాకాలంలో కుదురుగా ఉన్న కోణపు అతుకు ఎండాకాలంలో లోపలి మూలవద్ద విడుతుంది. ఎండాకాలంలో కుదిర్చినది వానాకాలంలో వెలుపలి మూలవద్ద విడుతుంది. కాబట్టి పచ్చికట్టెను వాడరాదు. పట్టీలను కోయడానికి ముందు కొన్నాళ్ళు అదే గదిలో ఉంచి, ఆ గాలికి అలవాటు పడనివ్వాలి. గోడకు అమర్చడానికి ముందే వెనుకముఖానికి కూడా ఒక పూత వేయాలి. మిగిలిన సన్నని సందులను లప్పంతో పూడ్చవచ్చు. అయితే లప్పం దోషాన్ని కప్పగలదు గాని అతుకుకు బలం ఇవ్వలేదు.

కట్టె పొట్టు విషయంలోనూ జాగ్రత్త వహించాలి. కట్టె ధూళిని మనుషులకు క్యాన్సరు కలిగించే పదార్థంగా అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లోనే వర్గీకరించింది. గాలి ఆడేచోట పనిచేయడం, ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు ధరించడం అత్యవసరం. విద్యుత్ రంపంతో చిన్న తునకలను కోయడం ప్రమాదకరం. తిరిగే పళ్ళు వాటిని రాయివలె విసరివేయగలవు. చేతిరంపమే ఈ పనికి క్షేమం.

చివరంటా చేసిన పని

నేడు కట్టెకు బదులు ఎం.డి.ఎఫ్., పీ.వీ.సీ. పట్టీలు వచ్చాయి. కొన్నింటికి కొసలను మూసే తొడుగులు కూడా సిద్ధంగా దొరుకుతాయి. పని సులభమయింది, కానీ వడ్రంగి నైపుణ్యం అవసరం తీరలేదు. పారిశ్రామిక శిక్షణ సంస్థలలో వడ్రంగం నేర్పుతున్నారు. కేంద్రప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పీ.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 చేతివృత్తులలో వడ్రంగం ఒకటి. శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల వరకు ప్రోత్సాహకం, రెండు విడతలలో 3 లక్షల రూపాయల వరకు 5 శాతం వడ్డీతో రుణం ఇందులోని అంశాలు. చదువు ఒకవైపు, చేతిపని మరొకవైపు అనే భేదభావం తగదు. కోణార్ధం తెలియని వడ్రంగి లేడు. చెక్క పట్టని విద్యార్థికి కోణార్ధం పుస్తకంలోని గీతగానే మిగిలిపోతుంది.

ఆ ఇంట్లో మరునాడు కడపకు పసుపు పూశారు. పక్కింటివారు వచ్చి తలుపును చూసి, "పాత ఇంటి దర్వాజనే కదా" అని గుర్తుపట్టారు. వారూ ఆ ఊరివారే. కొసతునకలను ఎవరూ గమనించలేదు. మనుమడు తాతవైపు చూశాడు. తాత మాత్రం పైపట్టీ ఎడమకొసను వేలితో తడిమి, కొంతసేపు అక్కడే నిలబడ్డాడు.

మునిగిన ఊరు తిరిగిరాదు. దానికి దక్కవలసిన గౌరవం కట్టెముక్కతో తీరేది కాదు. అయినా ఆ ఊరి పనివాడు చెక్కిన పద్మరేకులు కొత్త గోడమీద అర్ధాంతరంగా ఆగిపోలేదు. ఇరవై మిల్లీమీటర్ల తునక వాటికి ముగింపు పలికింది. చక్కగా చేసిన కొస ఎవరి కంటా పడదు. సరిగా చేయని కొస అందరి కంటా పడుతుంది. చివరి తునక వరకు శ్రద్ధ నిలిపినవాని పనియే పని.

కఠినపదాలు – అర్థాలు

అంచుపట్టీ = సందును కప్పుతూ అంచువెంట అమర్చే సన్నని చెక్క
కడప = గడప, ద్వారం అడుగున ఉండే అడ్డకమ్మి
మూలమట్టం = లంబకోణాన్ని సరిచూచే సాధనం
చిత్రిక = చెక్కను నునుపుచేసే పనిముట్టు, రందా
నూలు = అంగుళంలో ఎనిమిదవ భాగం
కోణార్ధం = కోణంలో సగం
కొసముఖం = నారకు అడ్డంగా కోసినప్పుడు కనబడే కట్టె భాగం
చేవ = చెట్టు మానులోని గట్టి మధ్యభాగం
లప్పం = సందులను పూడ్చే ముద్ద
అర్ధాంతరంగా = మధ్యలోనే, పూర్తికాకుండా

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కొసతునక అవసరాన్ని, దానిని తయారుచేసే క్రమాన్ని వివరించండి.
2. మనుమడు చేసిన పొరపాట్లను, వాటి నుండి నేర్చుకొన్న పాఠాలను తెలపండి.
3. 'చదువు, చేతిపని పరస్పర పూరకాలు' – పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ద్వారశాఖల గురించి రాయండి.
2. కాగితం సహాయంతో కోణార్ధాన్ని ఎట్లా కనుగొనవచ్చు?
3. కొసముఖం తేమను వేగంగా పీల్చుకోవడానికి కారణమేమిటి?
4. ద్వారం వెడల్పు 1000 మిల్లీమీటర్లు, పట్టీ వెడల్పు 75 మిల్లీమీటర్లు, ఒక్కొక్క వైపు జరుపు 5 మిల్లీమీటర్లు అయినప్పుడు అడ్డపట్టీ వెలుపలి అంచు పొడవెంత? లెక్కించే విధానాన్ని సొంతమాటల్లో రాయండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. సిద్దిపేట జిల్లా ఎప్పుడు ఏర్పడింది?
2. మల్లన్నసాగర్ జలాశయ సామర్థ్యమెంత?
3. గునియా అనగా ఏమి?
4. కొసతునకను మేకుతో ఎందుకు బిగించరాదు?

ఈ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. "పైపట్టీ మాత్రం ఇదే ఉండాలె."
2. "మనకు కనబడేది మిగిలిందే."

భాషాంశాలు

సంధులు
పునరావాసం = పునః + ఆవాసం – విసర్గసంధి
కోణార్ధం = కోణ + అర్ధం – సవర్ణదీర్ఘసంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశసంధి
మొట్టమొదట = మొదట + మొదట – ఆమ్రేడితసంధి
ఏమున్నది = ఏమి + ఉన్నది – ఇత్వసంధి

సమాసాలు
ద్వారబంధం = ద్వారం యొక్క బంధం – షష్ఠీ తత్పురుష సమాసం
హెచ్చుతగ్గులు = హెచ్చును, తగ్గును – ద్వంద్వ సమాసం
నాలుగు తునకలు = నాలుగు సంఖ్యగల తునకలు – ద్విగు సమాసం
చిన్నముక్క = చిన్నదైన ముక్క – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

అభ్యాసం
మీ ఇంటి ద్వారబంధాన్ని పరిశీలించి, దాని భాగాలకు మీ ప్రాంతంలో వాడే పేర్లను పెద్దలను అడిగి రాయండి. ఆ పేర్లను ఈ పాఠంలోని పేర్లతో పోల్చండి.